వదులు కుట్టు

దేవుడు బట్టను తిరగేసి చూస్తాడా అన్న సందేహం ఆమెకు కుట్టు నేర్చుకునే రోజుల్లో పుట్టింది. ఆ తర్వాత పెళ్ళయింది, జుట్టు నెరిసింది, కళ్ళజోడు అద్దాలు ఎన్నోసార్లు మారాయి, సందేహం మాత్రం తీరలేదు. మాస్టారు పెట్టిన చిచ్చు అది. కుట్టిన చొక్కా తీసుకెళ్ళి చేతిలో పెడితే ఆయన పైవైపు చూసేవాడే కాదు, చటుక్కున తిరగేసి లోపలి అంచుల వెంట బొటనవేలు నడిపేవాడు, వేలికి ఎక్కడైనా దారం తగిలిందా, "పైన వేసుకునేవాళ్ళు చూసుకుంటారు, లోపల ఎవరు చూస్తారనుకున్నావ్? దేవుడు చూస్తాడు. విప్పి మళ్ళీ కుట్టు" అని ఒళ్ళోకి విసిరేసేవాడు. సరే, చూస్తాడనే అనుకుందాం. ఇన్ని లోకాల బాగోగులు చూసుకోవాల్సిన ఆయనకు ఒక్కో చొక్కా చెయ్యి తిరగేసే తీరిక ఉంటుందా? ఉంటే చూసి ఏం చేస్తాడు, మెచ్చుకుంటాడా, మార్కులు వేస్తాడా? అడిగితే తప్పేమోనని ఆమె ఎవరినీ అడగలేదు. దణ్ణం పెట్టుకునేటప్పుడు అప్పుడప్పుడు కళ్ళు మూసుకుని ఆయన్నే అడిగేది, ఆయన ఎప్పటిలాగే ఊరుకునేవాడు. ఇప్పుడీ పరీక్షాశాల వరండాలో, ఇనుప బెంచీ మీద, ఏ పనీ లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ సందేహమే కొంగు పట్టుకు లాగే చంటిపిల్లలా మళ్ళీ వచ్చి నిలబడింది. ఎందుకంటే ఎదురుగా అద్దానికి అవతల, పెద్ద పీపాలాంటి ఇనుప గదిలో, గాలి లేని చోట, చీకట్లో, చలిలో ఉన్నది ఆమె కుట్టిన దుప్పటి.

దుప్పటి అని ఆమె అంటుంది, దరఖాస్తులో దానికి మూరెడు పేరుంది. ఉల్లిపొర కన్నా పలచని వెండిరంగు పొరలు, పొరకూ పొరకూ మధ్య దోమతెరలాంటి జాలీ, అన్నీ కలిపి అంచుల దగ్గర కుట్టి ఒక చిన్న పెట్టెకు తొడిగితే అదీ దుప్పటి. అలాంటి పెట్టె రేపెప్పుడో ఉపగ్రహంలో కూర్చుంటుంది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతూ ప్రతి చుట్టులోనూ కాసేపు భూమి నీడలోకి వెళుతుందట, ఆ కాసేపూ సూర్యుడు కనిపించడు, అక్కడి చలి మనకు తెలిసిన చలి కాదు, పెట్టెలోని వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేది ఈ దుప్పటి ఒక్కటే. పీపాలో ఇప్పుడు ఆ నీడ నడుస్తోంది. అద్దం పక్కన గోడకు తగిలించిన తెర మీద పచ్చగీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతూ కొద్దికొద్దిగా కిందికి వాలుతోంది, అడుగున ఎర్రగీత ఒకటి కదలకుండా పడుకుని ఉంది. గంట గడిచేలోపు పచ్చది వెళ్ళి ఎర్రదాన్ని తాకకూడదు. తాకితే, ప్రభుత్వం చిన్న సంస్థలకు ఇచ్చే సాయంలో రెండో విడత వీళ్ళకు రాదు, నమూనా నమూనాగానే మిగిలిపోతుంది, వచ్చే సోమవారం ఆడపడుచు సూట్‌కేసు సర్దుకుని రైలెక్కుతుంది. ఆమె కళ్ళు గీతల మీద ఉన్నాయి గానీ మనసు ఆ సూట్‌కేసు దగ్గరే ఆగిపోయింది, అటక మీది నుంచి దాన్ని దించి దుమ్ము తుడిచి పెట్టింది నిన్న తనే.

ఆడపడుచును ఇంట్లో అందరూ పొట్టి అంటారు. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో ఆ పిల్ల నిజంగానే పొట్టిగా ఉండేది, కుట్టుమిషను బల్ల కింద దూరి నిలబడితే తల తగిలేది కాదు. తర్వాత ఎవరో పట్టుకు సాగదీసినట్టు పెరిగి ఇంట్లో గుమ్మాలన్నిటికీ తల వంచే మనిషయింది, పేరు మాత్రం పెరగలేదు. ఇప్పుడు పక్కన కూర్చుని మోకాలు ఊపుతోంది, అది ఊగితే బెంచీ మొత్తం ఊగుతోంది. "కాలు ఆపవే, గీత జారిపోతుంది" అంది ఆమె. "నా కాలికీ గీతకీ ఏమిటి వదినా సంబంధం?" "ఏమో, నాకు అంత సైన్సు తెలీదు, నువ్వు ఊపినప్పుడల్లా అది దిగుతోంది." "ఊపకపోయినా దిగుతుంది. దిగాలి కూడా. దిగకపోతే మిషను పాడైందని అర్థం." పొట్టి నవ్వి కాలు ఆపింది, కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టింది. పొట్టి పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. సరుకు లారీల కంపెనీలో లెక్కలు చూసేది, ఆ ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టి ఈ దుప్పటి పనిలో దిగింది. ఈలోగా కంపెనీ తన ఆఫీసును ఎక్కడో ఓడరేవు దగ్గరికి మార్చుకుంది, రెండు రాత్రులు రైల్లో కూర్చుంటే గానీ చేరలేని చోటికి, "సోమవారానికల్లా బయల్దేరి వచ్చి చేరండి, లేదా రాజీనామా పంపండి" అని కబురు పెట్టింది. రెండో విడత వస్తే రాజీనామా, రాకపోతే రైలు. ఆ కబురు వచ్చిన సాయంత్రం ఆమె పొయ్యి వైపు తిరిగి, "నీ ఉద్యోగం నువ్వు చూసుకోవే, నువ్వు లేకపోతే ఇక్కడ ఏదీ ఆగిపోదు" అంది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషినని ఆమెకు తన మీద తనకు నమ్మకం, ఆ ఒక్క మాట ఎలా అనగలిగిందో ఇప్పటికీ అర్థం కాలేదు. పాలు మాత్రం ఆరోజు పొంగిపోయాయి, అవి పొంగుతున్నాయని తెలిసి కూడా చూస్తూ నిలబడింది.

బెంచీ ఇనుము చల్లగా ఉంది. ఈ భవనమంతా చల్లగానే ఉంటుంది, యంత్రాలకు చెమట పట్టకూడదట, మనుషుల సంగతి ఎవరికీ పట్టదు. చలి అంటే ఆమెకు వాన గుర్తొస్తుంది, వాన అంటే కొట్టు. అత్తింటివాళ్ళది గొడుగుల కొట్టు. ముందు గొడుగులు, తర్వాత రెయిన్‌కోట్లు, వానల్లేని నెలల్లో స్కూటర్ల సీటు కవర్లు. లోకమంతా మబ్బు విడిపోవాలని చూస్తుంటే మబ్బు పట్టాలని చూసే ఇల్లు అది, అలా కోరుకోవచ్చా అని కూడా ఆమెకు ఒక చిన్న సందేహం ఉండేది, దాన్ని పెద్దది కానివ్వలేదు. ఆ కొట్లోకి ఒకరోజు పొట్టి ఆఫీసు నుంచి పేపరు ముక్క మడిచి తెచ్చింది. అంతరిక్ష పరికరాలకు నమూనాలు తయారుచేసే చిన్న సంస్థలకు ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుందట, ఏమేం కావాలో వరసగా వేశారు, వాల్వులు, మడత బందులు, సన్న తీగలు, వాటి నడుమ వేడిని కాపాడే పొరల తొడుగు, చేతికుట్టు అనుభవం ఉంటే మేలు అని ఉంది. "వదినా, ఇదిగో, నీ పేరు ఒక్కటే వెయ్యలేదు" అంది పొట్టి. భర్త కత్తెర పక్కన పెట్టాడు. "వానకి గొడుగు పట్టాం, ఎండకి పట్టాం, ఇంక ఆకాశానికే పడతారేమిటి మీరిద్దరూ?" అన్నాడు. "డబ్బు వాళ్ళిస్తే పట్టేద్దాం అన్నయ్యా, మనింట్లోంచి పోయేదేముంది?" పోయేది తన ముందుగది అని పాపం ఆయనకు అప్పటికి తెలియదు.

ప్రభుత్వం అంటే అంతవరకూ ఆమెకు తెలిసింది ఒక కిటికీ, దాని ముందు వరస, కిటికీ లోపలి నుంచి "రేపు రండి" అనే గొంతు. అలాంటిది ముందుగా డబ్బిచ్చి, చేసి చూడండి, చెడిపోయినా ఫర్వాలేదు, ఎందుకు చెడిపోయిందో మాకు చెప్పండి అంటుందా? చెడగొట్టడానికి డబ్బిచ్చేవాళ్ళను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మాస్టారి దగ్గర గుడ్డముక్క పాడైతే ఆ పూట చేతికి సూది కూడా ఇచ్చేవాడు కాదు. పొట్టి విడమరిచి చెప్పింది, మొదటి విడత తప్పులు చేసి నేర్చుకోవడానికి వదినా, రెండో విడత నేర్చుకున్నది నిజమని చూపించిన వాళ్ళకి. ఇది మనుషులు కనిపెట్టిన పద్ధతేనా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది, ఎక్కడో దేవుడి దగ్గర చూసి రాసుకున్నట్టు ఉంది, ఆయన కూడా అంతేగా, మొదటి విడత ఇచ్చి ఊరుకుంటాడు. కమిటీ ముందుకు పిలిచినప్పుడు ఆ మాట అనబోయి నాలుక కరుచుకుంది. పొడవాటి బల్ల, బల్ల వెనక కోట్లు, నడుమ తెల్ల కనుబొమల పెద్దాయన ఒకరు. "ఇంతకుముందు ఏం కుట్టేవారమ్మా?" అన్నాడు. "రెయిన్‌కోట్లండి. చాలా ఏళ్ళుగా లోపలికి నీళ్ళు రాకుండా కుడుతున్నాను." "ఇక్కడ బయటికి వేడి పోకుండా కుట్టాలి." "ఏదైనా లోపలిది లోపల, బయటిది బయట ఉంచడమే కదండీ." ఆయన కనుబొమలు రెండూ పైకి లేచి అక్కడే కాసేపు ఆగాయి. బయటికొచ్చాక పొట్టి ఆమె భుజం గిల్లి, "నేను రాసిన ముప్పై పేజీలకన్నా నీ ఒక్క ముక్క పని చేసింది" అంది. "మరి ఆ ముప్పై పేజీలు ఎందుకు రాశావే?" "నిన్ను ఆ గదిలోకి రానివ్వాలిగా."

పచ్చగీత సగం దూరం వచ్చింది. సగం దూరంలో ఎంత కిందికి దిగాలో అంతే దిగిందా, ఎక్కువ దిగిందా, ఆమెకు తెలియదు, పొట్టికి తెలుసు, పొట్టి చెప్పడం లేదు. చెప్పడం లేదంటే బాగాలేదన్నమాట. పొట్టి చిన్నప్పుడూ అంతే, మార్కులు బాగా వస్తే వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చేది, తక్కువ వస్తే ముందుగదిలో మూల కూర్చుని చెప్పుల పట్టీలు విప్పుకుంటూ ఉండేది. ఆ ముందుగది ఇప్పుడు ముందుగది కాదు. గోడలకు తెల్లరంగు వేసి, కిటికీలు మూసి, గాలి వడపోసే యంత్రం పెట్టి, గుమ్మానికి రెండు తెరలు కట్టారు. టోపీ, ముసుగు, తొడుగులు లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు, వెంట్రుక రాలితే రాలిన దాన్ని వెతికి తీసేదాకా పని ఆగిపోతుంది. భర్త చుట్టాలను వంటింట్లో కూర్చోబెడతాడు, "ముందుగది అంతరిక్షంలో ఉందండీ, మీరిలా దొడ్డిదారిన రండి" అంటాడు. విసుక్కుంటూనే రోజూ రెండుపూటలా గుమ్మం ముందు నేల తడిగుడ్డతో తుడిచేది ఆయనే. ఆ గదిలో వెండిపొరను బల్ల మీద పరిచినప్పుడు మొదటిసారి ఆమెకు భయం వేసింది. ఊపిరి వదిలితే లేచి పడుతోంది, వేలితో తాకితే వేలిముద్ర పడిపోయింది, ఇంత పలచని దాన్ని పట్టుకు కుట్టడమంటే పాల మీది మీగడను కుట్టడమే. కుట్టింది. మాస్టారు నేర్పినట్టు, కుట్టు పక్కన కుట్టు, చీమ కూడా దూరనంత దగ్గరగా, చివర లాగి బిగించి, అంచు వెంట బొటనవేలు నడిపితే ఒక్క దారం తగలకుండా. తన చేతుల మీదుగా అంత చక్కని పని ఎప్పుడూ రాలేదనుకుంది. ఆరోజు దణ్ణం పెట్టుకుంటూ, కావాలంటే తిరగేసి చూసుకో అని కూడా అంది.

ఆ దుప్పటి ఇదే పీపాలో ఓడిపోయింది. నీడ సగం కూడా గడవకముందే పచ్చగీత నేరుగా వెళ్ళి ఎర్రగీత మీద పడింది, మెట్ల మీద జారినట్టు. పీపా నడిపే మీసాలాయన దుప్పటిని బయటికి తీసి దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. "కుట్టు చాలా బాగుంది మేడమ్" అన్నాడు, తర్వాత తల గోక్కుని, "అదే గొడవ" అన్నాడు. గాలి లేని చోట వేడికి రెండే దారులట, ఒకటి వెలుగులా ఎగిరిపోవడం, దాన్ని వెండి పొరలు తిప్పికొడతాయి, రెండోది ఒకదాన్నొకటి తాకిన చోట పాకిపోవడం, అందుకే పొరల మధ్య జాలీ, పొరకు పొర తగలకూడదు. ఆమె బిగించి వేసిన ప్రతి కుట్టూ పొరలన్నిటినీ ఒకచోటికి నొక్కేసింది. కుట్టు కుట్టుకూ ఒక తూటు, ఒక్కో తూటు దగ్గర వేడి బొట్టుబొట్టుగా కారిపోయింది. దూరం దూరంగా, వదులుగా వెయ్యండి అన్నాడాయన. ఇంటికి వెళ్ళాక, "వదులుగా కుట్టడానికి నేనెందుకు, కుట్టు రానివాళ్ళను ఎవరినైనా పెట్టుకో" అంది. పొట్టి కూడా ఊరుకోలేదు. "రానివాళ్ళు కుడితే ఊడిపోతుంది వదినా. వచ్చినవాళ్ళు వదులుగా కుట్టాలి. అది నీవల్ల కాదంటే చెప్పు, రేపే సెలవు రద్దు చేసుకుంటాను." "నా చెయ్యి వినదే." "నీ చెయ్యి నీ మాట వినకపోతే ఇంకెవరి మాట వింటుంది? చచ్చిపోయిన మాస్టారి మాటా?" ఆ మాటకు ఇద్దరూ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నిజానికి పొట్టి అన్నదే నిజం. దారం లాగేవేళకు ఆమె మణికట్టు ఆమెది కాకుండా పోయేది, ఎంత వద్దనుకున్నా చివరి క్షణంలో చిన్న గుంజు, ఆ గుంజులో ఆయన గొంతు, విప్పి మళ్ళీ కుట్టు. ఎన్ని ముక్కలు పాడు చేసిందో. చివరికి దారి దొరికింది కోటు గుండీల దగ్గర. గుండీ కుట్టేటప్పుడు బట్టకీ గుండీకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తర్వాత పుల్ల లాగేస్తే గుండీ కింద కాస్త మెడ మిగులుతుంది, దర్జీలందరూ చేసేదే. అగ్గిపుల్ల పొట్టు రాలుతుందని ఆ గదిలోకి రానివ్వరు, అందుకని నున్నటి ఉక్కు అల్లికసూది పెట్టి దాని మీదుగా కుట్టు వేసి సూది లాగేసింది. చెయ్యి ఎంత గుంజినా సూది లావు మేరకు వదులు మిగిలింది. అలా రెండో దుప్పటి తయారైంది. తిరగేస్తే కుట్లన్నీ పసిపిల్లల అక్షరాల్లా ఎడంగా, ఉబ్బుగా ఉన్నాయి. దీన్ని చూసి ఏమంటాడు, మాస్టారు కాదు, ఆ రెండో ఆయన? ఒకసారి పైకి వెళితే ఇది మళ్ళీ కిందికి రాదు, తిరగేసి చూసే చెయ్యి అక్కడ ఎవరిదీ ఉండదు. ఉంటే ఆయనదొక్కటే. అప్పుడు ఆయన బిగువు చూస్తాడా, వదులు చూస్తాడా? ఇన్నేళ్ళూ ఆయనకు నచ్చుతుందని వేసిన కుట్టు ఆయనకు నచ్చేదని చెప్పిందెవరు, మాస్టారే కదా.

వరండా చివర తలుపు తీసుకుని ఒకాయన చేతిలో సంచీతో వచ్చాడు, వీళ్ళను చూసి ఆగాడు. గ్యాస్ పొయ్యిలకు వాల్వులు చేసే చిన్న కార్ఖానా ఆయనది, ఉపగ్రహాన్ని అటూ ఇటూ జరిపే బుల్లి వాల్వు చేస్తానని ఇదే సాయానికి దరఖాస్తు పెట్టాడు, కమిటీ రోజున వీళ్ళ పక్కనే కూర్చుని ఉపవాసమున్నవాడిలా మూలిగాడు. "మీది నడుస్తోందా అమ్మా?" అన్నాడు. "నడుస్తోందండి. మీది?" "నిన్ననే అయిపోయింది. కారింది." ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే పక్కింటి కుళాయి గురించి చెప్పినట్టు ఉంది. "ఇప్పుడెలా మరి?" అంది పొట్టి. "ఏముందమ్మా, ఎందుకు కారిందో రాసిచ్చాను, వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోమన్నారు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ముందు భోజనం చేశాక చెబుదామని నిన్న అనుకున్నాను, భోజనం బాగుంది, చెప్పబుద్ధి కాలేదు. పొద్దున టిఫిన్ కూడా బాగుంది." నవ్వాడు, నవ్వి ఎర్రగీత వైపు ఒకసారి చూసి, "మీది నిలబడుతుందిలెండి" అని సంచీ చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సంచీలో ఏదో ఇనుము ఇనుముకు తగులుతున్న చప్పుడు కింద దాకా వినిపించింది.

నిలబడాలని దణ్ణం పెట్టుకోవాలి ఇప్పుడు. పొద్దున మొదలుపెట్టింది కూడా, మధ్యలో మాట ఆగిపోయింది. కుట్లు వేసి వారాలు గడిచాయి, ఏ కుట్టు ఎంత వదులో ఆ రోజే తేలిపోయింది, ఇప్పుడు ఆయన్ని అడిగేదేమిటి, చెయ్యి పెట్టి దారాన్ని ఇంకాస్త వదులు చెయ్యమనా? చేస్తే మరి ఆ వాల్వు ఆయనకు ఎందుకు చెయ్యలేదని అడగాల్సి వస్తుంది, ఆయనా దణ్ణం పెట్టుకునే ఉంటాడు, పాపం వాళ్ళావిడా. కుట్టకముందు అడగాల్సింది, కుట్టేటప్పుడు చెయ్యి నిలకడగా ఉంచమని, అప్పుడు అడిగింది, అప్పుడు ఉంది. గీత సంగతి గీతది. అయితే ఇప్పుడు అడగదగినది ఏమీ లేదా? ఉంది. గీత ఎటు పడినా సోమవారం నేను మళ్ళీ పొయ్యి వైపు తిరిగి అబద్ధం ఆడకుండా చూడు. ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు, వచ్చాక మాత్రం గుండె దగ్గర ఏదో కాస్త వదులైనట్టయింది. పచ్చగీత ఎర్రగీతకు దగ్గరపడింది. ఇప్పుడు రెండిటి మధ్య ఉన్నది వేలెడు సందు కూడా కాదు, మీసాలాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, తెల్ల కనుబొమల పెద్దాయన ఎప్పుడు వచ్చాడో ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పొట్టి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది, ఏదో రాసుకోవాలన్నట్టు కోటు జేబులో చెయ్యి పెట్టింది, పెట్టిన చెయ్యి లోపలికి, ఇంకా లోపలికి పోయి మోచేయి దాకా దిగింది, కోటు అడుగు అంచు దగ్గర గుడ్డ లోపల వేళ్ళు ఎలకపిల్లల్లా కదిలాయి. పెన్ను అక్కడికి జారిపోయింది. పొట్టి వంగి, అంచు మీద నుంచి పెన్నును పైకి తోసుకుంటూ, చిరుగు దాకా తెచ్చి బయటికి లాగింది. ఆ పని ఎంత అలవాటుగా చేసిందంటే చూపంతా గీత మీదే ఉంది.

ఆ కోటు పొట్టికి ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్నది. కొన్న నెలకే జేబు అడుగు ఊడింది. "వదినా, జేబు" అని మిషను మీద పడేసి వెళ్ళింది, వానల రోజులు, రెయిన్‌కోట్లు కొండలా పేరుకుని ఉన్నాయి, రేపు కుడతాలే అంది, పొద్దున్నే చలికి పొట్టి అలాగే తొడుక్కుపోయింది. ఆ రేపు రాలేదు. దర్జీ ఇంట్లో ఎవరి బట్టలూ కుట్టబడవు, అది ఏ దర్జీ ఇంట్లోనైనా అంతే, భర్త చొక్కాలకు ఇప్పటికీ పిన్నులే. తర్వాత్తర్వాత అది ఇంట్లో వేళాకోళమైంది. బస్సు చిల్లర జారిపోయినా, తాళంచెవి దొరక్కపోయినా పొట్టి, "మా వదిన ఊరందరికీ కుడుతుంది, నా జేబు తప్ప" అనేది, ఆమె "రేపు" అనేది, అందరూ నవ్వేవాళ్ళు. కోటు రంగు వెలిసింది, మోచేతుల దగ్గర మెరుపెక్కింది, రేపు మాత్రం రేపుగానే ఉంది. సోమవారం ఇదే కోటు తొడుక్కుని రైలెక్కుతుంది. రెండు రాత్రులు ప్రయాణం చేసి, ఎవరూ తెలియని ఊళ్ళో దిగి, టికెట్టు కోసం జేబులో చెయ్యి పెడుతుంది.

"కోటు విప్పు" అంది ఆమె.

"ఏంటి?"

"విప్పవే."

"వదినా, ఇంకా ఐదు నిమిషాలు కూడా లేదు, ఇప్పుడా?"

"నువ్వు చూస్తే అది ఆగుతుందా? నేను చూస్తే ఆగుతుందా? విప్పి ఇలా పారెయ్."

పొట్టి ఆమె మొహంలోకి చూసింది, కోటు విప్పి ఇచ్చింది. హ్యాండ్‌బ్యాగు లోపలి అంచున దారం చుట్టిన సూది ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ఆమె అది తీసింది. దారం నలుపు, కోటు బూడిదరంగు, ఫర్వాలేదు. జేబును బయటికి లాగి తిరగేస్తే ఇన్నేళ్ళ దూది, నలిగిపోయిన టికెట్టు ముక్కలు, ఒక బఠానీ గింజ రాలాయి. దులిపి, చిరిగిన రెండు అంచులూ కలిపి పట్టుకుంది. తెర వైపు వీపు పెట్టి కూర్చుంది. చెయ్యి తన దారిన తాను నడిచింది, గుంజాల్సిన చోట గుంజింది, ఇక్కడ ఎవరూ వద్దనరు. వెనక ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో ఏదో అంకె చదివారు, మీసాలాయన గొంతు "ఉండండి, ఉండండి" అంది. పొట్టి ఆమె పక్కనే నేల మీద, బెంచీకి ఆనుకుని కూర్చుంది, చిన్నప్పుడు మిషను బల్ల కింద కూర్చున్నట్టు, తెర వైపు కాకుండా సూది వైపు చూస్తూ. "నేను లేకపోతే ఇక్కడ ఏదీ ఆగిపోదన్నావ్" అంది మెల్లగా. "అబద్ధం చెప్పాను" అంది ఆమె, సూది మీద నుంచి కళ్ళెత్తకుండా. "అన్నీ ఆగిపోతాయి. మీ అన్నయ్యకి టీ పెట్టడం కూడా రాదు." పొట్టి తల ఆమె మోకాలికి ఆనించింది, బరువుగా ఉంది, ఆమె మోకాలు కదపకుండా తర్వాతి కుట్టు వేసింది.

"నిలబడింది" అన్నాడు మీసాలాయన. తర్వాత ఇంకా గట్టిగా, "నిలబడింది మేడమ్, గంట అయిపోయింది, తగల్లేదు." పొట్టి ఒక్క ఊపులో లేచింది, ఆమె "ఉండు, ముడి వెయ్యనీ" అంది. పెద్దాయన తలుపు తీసుకుని బయటికి వచ్చి తెల్ల కనుబొమలు ఎత్తి ఇద్దరినీ, ఒళ్ళో కోటునూ చూశాడు. "చాలా సన్నటి సందులో నిలబడిందమ్మా, కానీ నిలబడింది. రెండో విడత ఇవ్వమని నేను రాస్తాను. ఫైలు కదిలి డబ్బు చేతికొచ్చేసరికి కొన్ని నెలలు పడుతుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి." "ఫైళ్ళు కదిలించడమేనండీ నేను ఇన్నేళ్ళూ చేసింది" అంది పొట్టి, అంటూనే అటు తిరిగి కిటికీ చూసింది, ఆ కిటికీకి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. ఆమె ముడి వేసి, దారం పంటితో తెంపి, జేబును లోపలికి తోసి కోటు దులిపింది. పెద్దాయన వెళ్ళిపోయాడు. పీపాలోకి గాలి వదులుతున్న చప్పుడు, ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు, వరండా అంతా నిండింది.

"తొడుక్కో, చలిగా ఉంది" అంది ఆమె. పొట్టి కోటు తొడుక్కుంది. చేతిలోని పెన్ను జేబులో వేసింది, వేసి, అలవాటుగా పక్కకు వంగి, జారిన పెన్ను కోసం కోటు అడుగు అంచును అరచేతిలోకి తీసుకుంది. ఏమీ తగల్లేదు. ఇంకాసేపు అలాగే పట్టుకుని చూసింది.